లక్క చల్లారేలోగా

నాన్న పోయాక అమ్మ మాట్లాడటం మానేసింది. ఏడవలేదు కూడా. అన్నం పెడితే తినేది, చెబితే స్నానం చేసేది. అలా రెండు నెలలు గడిచాయి. పంతొమ్మిది వందల డెబ్బైల నడుమ మాట ఇది. ఆఫీసులో ఫైళ్లకు జవాబులు రాయడం తప్ప ఏమీ చేతకానివాణ్ణి నేను. ఇక ఆ గొంతు వినబడదేమోనని భయం పట్టుకుంది. డాక్టరు బలానికి టానిక్ రాశాడు. అమ్మ ముట్టకపోతే నేనే తాగాను.

హైదరాబాదు హుస్సేనీ ఆలంలో మా పక్క వాటాలో, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. ఇంట్లోనే లక్క గాజులు చేసి లాడ్ బజార్ దుకాణాలకు ఇచ్చేది. కుంపటి మీద గాజును వేడిచేసి, లక్క మెత్తబడగానే సన్నటి కమ్మీ మొనతో రాళ్లు ఒక్కొక్కటే పొదగాలి. వేడి ఎక్కువైతే రాయి మునిగిపోతుంది, చల్లారితే పట్టదు. చివర్న గుండ్రటి కర్రకు తొడిగి సైజు చూడాలి.

ఒక ఆదివారం పొద్దున మాతోనే ఉండే మేనత్త కేకేసింది. వెళ్లి చూస్తే అమ్మ ఖాలా కుంపటి ముందు కూర్చుని ఉంది. చేతిలో గాజు.

నాన్న పోయిన పదో రోజున అమ్మ గాజులు పగలగొట్టించింది మా మేనత్తే.

"మొగడు పోయినదానికి గాజులిస్తవా? గింత గూడ తెల్వదా నీకు?" అంది ఖాలాతో.

"తొడుక్కోనీకె ఇయ్యలే ఆపా, చెయ్యనీకె ఇచ్చిన," అంది ఖాలా తలెత్తకుండా.

నాకూ ఖాలా మీదే కోపం వచ్చింది. నిజానికి అది నలుగురూ ఏమంటారోనన్న భయం. వంగి అమ్మ చేతిలోని గాజు తీసుకోబోయాను.

"ఆగు బిడ్డా, లక్క సల్లారుతది," అంది అమ్మ.

రెండు నెలల తర్వాత మేం విన్న మొదటి మాట అది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని గడప మీద కూర్చున్నాను. అమ్మ ఇంకో రాయి పెట్టింది, అది వంకరగా కూర్చుంది.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలు అమ్మ అక్కడే. నెల తిరిగేసరికి ఖాలా చెప్పిన వరస వదిలేసి సొంత వరస పట్టింది: రెండు తెల్లవి, ఒక ఆకుపచ్చ. ఎందుకమ్మా ఇంత తిప్పలు అని అడిగాను.

"రాయి పెట్టేటప్పుడు ఇంకేం యాదికి రాదురా. గాజు పక్కకు పెట్టినంక మీ బాపు యాదికొస్తడు. ఏడుపొస్తది. ఇంతకుముందు అది గూడ రాలే."

నేనేమో ఆ ఏడుపు కోసం అన్నాళ్లూ టానిక్కు సీసాలో వెతికాను.

మేనత్త చాలా రోజులు ముఖం మాడ్చుకునే ఉంది. ఒకరోజు ఆమె ఎదుటే అమ్మ పూర్తయిన గాజును తన చేతికి తొడుక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"సైజు సూస్తున్న వదినా," అంది, నెమ్మదిగా తీసి పక్కన పెడుతూ.

తర్వాత చేసిన ప్రతి గాజుకూ అలాగే సైజు చూసింది. సైజు చూసే కర్ర కుంపటి పక్కనే ఉంది. మేనత్త దాన్ని చూసింది, నన్ను చూసింది, దాన్ని కుంపటి వెనక్కి జరిపింది.