రెండు స్విచ్‌ల మధ్య మావయ్య

మొన్న గుడివాడలో మా ఇంట్లో ఇంటర్‌నెట్ ఆగిపోయి కంపెనీకి ఫోన్ చేస్తే, రికార్డు చేసిన గొంతొకటి ఎంతో తీయగా, తమ వైపు అంతా సవ్యంగానే ఉందని చెప్పి పెట్టేసింది. నా ఒళ్లు మండిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బందరులో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే రోజుల్లో, సరిగ్గా ఆ మాట వల్లే మా మావయ్య చావు అంచుదాకా వెళ్లొచ్చాడు.

హంసలదీవి దగ్గర చేలో ఆయన్ని పాము కరిస్తే మా మేనత్త ఆటోలో వేసుకుని మా ఆసుపత్రికే తెచ్చింది. రక్తం గడ్డకడుతోందో లేదో పరీక్షకు పంపారు. రిపోర్టులు కాగితం మీద రాయడం అప్పుడే మానేశారు, ల్యాబు నుంచి వార్డుకు కంప్యూటర్లోనే రావాలి. రెండు చోట్లా కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టెలు వేరువేరు కంపెనీలవి. రెండింటిమీదా పచ్చదీపం వెలుగుతూనే ఉండేది గాని, పంపింది దారిలోనే చెడిపోయేది. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఆ రెండు కంపెనీల ఇంజనీర్లదీ ఒకటే పాట, మా పెట్టె బాగానే ఉంది, అవతలివాళ్లనడగండని.

ఆ రోజూ రిపోర్టు రాలేదు. డాక్టరుగారు తెరవంక చూస్తూ కూర్చుంటే, నేను ఎండలో ల్యాబుకు పరుగెత్తి, చేత్తో రాయించి తెచ్చాను. అప్పుడు పడింది ఇంజెక్షను. మావయ్య బతికాడు.

మర్నాడు సూపరింటెండెంటమ్మగారు ఇద్దరు ఇంజనీర్లనీ ఒకే గదికి పిలిపించారు. అక్కడా వాళ్లు అదే పాట ఎత్తుకుంటే, గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య ఉండబట్టలేక అడిగేసింది.

“మీదీ బాగానే ఉండి, ఆయనదీ బాగానే ఉంటే, మధ్యలో మా మడిసి చచ్చిపోవడమేంటి బాబూ?”

అప్పుడు మొదటిసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రెండు పెట్టెల అమరికలూ కలిపి చూశారు. ఒకటి ఒకేసారి పంపుతూ అందుకునేలా బిగించి ఉంది. రెండోది, అవతలి పద్ధతి తెలియక, ఒకసారికి ఒకవైపే నడుస్తోంది. అందుకే రెండు వైపులా ఒకేసారి బయలుదేరినవి దారిలో గుద్దుకుని చెడిపోయేవి. రెండూ ఒకేలా మార్చగానే తప్పులు ఆగిపోయాయి. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లా అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పటి పెట్టెలకు తెలివి పెరిగింది, చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి, కాదనను. కాని ఆనాడు అత్తయ్య అడిగినప్పుడు ఆ ఇద్దరూ ఆమె మొహంలోకి చూడలేక తలలు దించుకున్నారు. ఇప్పుడు తల దించుకోవడానికైనా అవతల ఎవరూ లేరు.