సారు జబ్బు పడని వానకాలం

మా కోడలు కూరగాయలు తరుగుతూ ఫోనులో ఏదో పాత రేడియో నాటకం పెట్టింది. ఎండుటాకుల మీద ఇప్పపూలు రాలుతున్న చప్పుడు. మెత్తగా, బరువుగా, ఒకదాని తర్వాత ఒకటి. బియ్యం ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. "భయమైతుందా అత్తమ్మా, బంద్ చెయ్యాల్నా?" అని అడిగింది. భయం కాదు, ఈ కథ రాసినాయనను నేనెరుగుదును అన్నాను. దవాఖానాలో ఊడ్చినదానికి కథలు రాసేవాళ్లు ఎలా తెలుసని దాని మొహంలోనే కనబడింది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. చదివేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి.

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఒక చిన్న దవాఖానా ఉండేది. నేను ఆయాను, రంగారావు సారు కాంపౌండరు. సత్తుపల్లి వైపు మనిషి. పొట్టిగా, మెడలో తువ్వాలుతో ఉండేవాడు. ఒట్టి పిరికి. బల్లి కనబడితే కుర్చీ జరుపుకునేవాడు. అలాంటాయన వారపత్రికల్లో దయ్యం కథలు రాసేవాడు, అదీ భార్య పేరుతో. వనజాక్షి కథ అంటే జనం ఎగబడి చదివేవాళ్లు. అభిమానుల ఉత్తరాలు 'మేడం గారికి' అని వచ్చేవి. ఒకడు పెళ్లి చేసుకుంటానని రాస్తే ఆ ఉత్తరం తీసుకెళ్లి భార్యకే చదివి వినిపించాడు. వంట వచ్చేమో కనుక్కోండి అందట ఆవిడ.

మధ్యాహ్నం రోగులు వెళ్లిపోయాక నేను వరండాలో కట్టుగుడ్డలు మడత పెడుతుంటే సారు కొత్త కథ చదివి వినిపించేవాడు. నేను జడిస్తేనే పోస్టు చేసేవాడు. నేను అంత తేలిగ్గా జడిసేదాన్ని కాదు. దయ్యం వచ్చిందంటే, వచ్చి ఏం చేసింది అని అడిగేదాన్ని. ఆయన కాగితాలు మళ్లీ లోపలికి పట్టుకుపోయేవాడు.

ఆయన కథల్లో నాకు ఇష్టమైనవి ఏవని ఎవరైనా అడిగితే రెండు చెప్తాను. ఒకటి 'ఆరో నంబరు మంచం'. దవాఖానాలో ఒక మంచం మీద ఎవరు పడుకున్నా హాయిగా నిద్ర పడుతుంది. జబ్బు తగ్గినా దిగబుద్ధి కాదు. అంతే కథ. పొద్దున్నే ఆయా దుప్పటి సర్దబోతే ఎవరూ పడుకోని మంచం వెచ్చగా ఉంటుంది. దాన్ని టీవీ వాళ్లు తీశారు, తెల్లచీరలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని తెచ్చి పాడు చేశారు. రెండోది 'పన్నెండో బుట్ట'. పదకొండు మంది ఆడవాళ్లు ఇప్పపూలకు అడవికి పోతారు, పన్నెండు బుట్టలు తిరిగొస్తాయి. ఎవరూ ఎవరినీ అడగరు. రేడియో వాళ్లు దాన్ని బాగా చేశారు. వాళ్ల దగ్గర చప్పుడు తప్ప ఏమీ లేదు కనుక బాగుంది.

మూడోది ఒకటుంది. దాని పేరు రాయను. అది రాసినప్పుడు నేను లేను, మా చెల్లెలి కాన్పుకు పోయాను. అందుకే నాకు వినిపించకుండా పత్రికకు వెళ్లింది. అందులో ఊరి చివర ఒంటరి ముసలామె ఉంటుంది. ఒక కంట్లో తెల్లటి పొర, వెంట ఎప్పుడూ ఒక ఎర్రమేక. ఆమె చూపు పడ్డ పిల్లలు వాడిపోతారు. వాగవతలి గూడెం నుంచి సోమక్క అనే ముసలామె కంట్లో చుక్కల మందుకు మా దగ్గరికి వచ్చేది, వెంట మేక. మందు వేసేది సారే. ఆ కన్నును, మేకను తీసుకెళ్లి కథలో పెట్టేశాడు. పాపం, ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు.

ఎండాకాలం గూడెం వాళ్లు బీడీ ఆకు కోసుకొచ్చి, ఆకు కొనే కల్లం దగ్గర వరసగా కూర్చుని కట్టలు కడతారు. అక్కడ ట్రాక్టరు డ్రైవరొకడు ఆ పత్రిక పైకి చదివాడు. ఆ వారమే ఒక పిల్లకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. ఇంకేముంది, కథలో ఉన్నది సోమక్కే అన్నారు. వరసలో కూర్చోనివ్వలేదు. బోరింగు దగ్గరికి రానివ్వలేదు. మా అమ్మగారి ఊళ్లో ఇలాంటి మాటే పడ్డ ఒకామెను ఏం చేశారో నేను చిన్నప్పుడు చూశాను. ఈ సంగతి తెలిసిన రోజు చీపురు కింద పెట్టకుండానే సారు దగ్గరికి పోయాను.

"ఏంది సారూ, గట్ల రాసిండ్రు? సోమక్కను సంపుతరు."

"అందులో ఆవిడ పేరు లేదు లచ్చమ్మా."

"కన్నుంది. మేకుంది."

కథను కథలాగా చదువుకోవాలి కదా అన్నాడాయన. నాకు మండింది.

"సదివేటోళ్లు సదివి పక్కన పెడ్తరు సారూ. ఇనేటోళ్లు మోస్తరు."

ఆదివారం సారు నన్ను తోడు తీసుకుని కల్లానికి వచ్చాడు. అందరి ముందు నిలబడి, వనజాక్షిని నేనే, అదంతా నేను అల్లిన అబద్ధం అని చెప్పాడు. ముందు నవ్వారు. తర్వాత ఒక పెద్దమనిషి, అబద్ధమైతే పుస్తకంలో ఎందుకు వేస్తారు అన్నాడు. కథను నమ్మారు గానీ కథ రాసిన మనిషిని నమ్మలేదు.

సారు తిన్నగా సోమక్క గుడిసె ముందుకు పోయి కూర్చుని తాగడానికి జావ అడిగాడు. జనమంతా చూస్తున్నారు. సోమక్క లేవలేదు.

"నా చేత తాగినంక నీకేమన్న ఐతే, నన్ను బతకనియ్యరు సారూ."

"నాకేమీ కాదు. నువ్వు పొయ్యమ్మా" అన్నాడు.

తాగాడు. తర్వాతి ఆదివారం వచ్చి మళ్లీ తాగాడు. అప్పటి నుంచి ఆ వానకాలమంతా ఒక్క ఆదివారం తప్పలేదు. తాగడం పెద్ద పని కాదు, తాగినాయన జబ్బు పడకుండా ఉండాలి. మా వైపు వానకాలం ఎవరికి చేతనవుతుంది? శ్రావణంలో ఆయనకు చలిజ్వరం రానే వచ్చింది. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఈ ఒక్క వారం పోకండి అని బతిమాలాను. "నేను పోకపోతే జబ్బని తెలుస్తుంది. తెలిస్తే ఎవరి చేతి జావ తాగాడని అడుగుతారు" అన్నాడు. మాత్ర వేసుకుని, తువ్వాలు గట్టిగా చుట్టుకుని బయల్దేరాడు. అక్కడ ఎండలో కూర్చుని నవ్వుతూ మాట్లాడాడు, రెండో గిన్నె కూడా అడిగి తాగాడు. వాగు దాటాక మోకాళ్లు మడిచి కూలబడ్డాడు. నేను పట్టుకున్నాను.

"ఎవరన్నా చూశారా?"

"చూడలే సారూ."

"ఇన్ని కథలు రాశాను గానీ, ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు."

"గిది మాత్రం రాయకుండ్రి" అన్నాను. ఆ వణుకులోనే నవ్వాడు.

ఫిట్స్ వచ్చిన పిల్లకు నయమైంది. దసరా వెళ్లాక ఒకామె సోమక్క పొయ్యిలోంచి నిప్పు అడిగి పట్టుకుపోయిందని తెలిసింది. మరుసటి ఎండాకాలం ఆమె వరసలో కూర్చుంది, మధ్యలో కాదు, చివరన. అయినా కూర్చుంది. ఎవరూ ఆమెకు తప్పైందని చెప్పలేదు.

ఆ తర్వాత సారు నాకు కథ చదివి వినిపించడం మానేశాడు. నువ్వే చదవాలి, నేను పోస్టు చేసే ముందు నువ్వే చూడాలి అన్నాడు. నా వయసుకు ఇదేం పని అని తిట్టుకున్నాను. మందు డబ్బాల మీది పేర్లతో మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పట్టింది. నా అంతట నేను చదివిన మొదటి కథ 'పన్నెండో బుట్ట', ఆయన చేతిరాతలో. అందులో ఒకామె మోచేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటుంది. అక్కడ వేలు పెట్టి, గిట్లాంటిది మా పక్కింటామెకుంది అన్నాను. ఎందుకని కూడా అడగకుండా కొట్టేశాడు.

సారు పోయి రెండేళ్లయింది. ఆ మధ్య ఆయన కూతురు వచ్చింది. కథలన్నీ పుస్తకంగా వేస్తోందట. ఆ మూడో కథను సినిమా వాళ్లు అడుగుతున్నారట. సారు బతికినన్నాళ్లు దాన్ని మళ్లీ అచ్చు వెయ్యనివ్వలేదు. లచ్చమ్మ చదివి సరేనంటేనే ఇవ్వమని చెప్పి పోయాడు. నిజానికి నేనెప్పుడూ దాన్ని చదవలేదు, జనం చెప్పుకుంటుంటే విన్నదే. పట్టపగలు, ఇంటినిండా మనుషులుండగా చదివాను. అయినా జడిశాను. ఆరో నంబరు మంచం, పన్నెండో బుట్ట దాని ముందు ఎందుకూ పనికిరావు.

"ఎలా ఉంది ఆయమ్మా?" అంది ఆ పిల్ల.

"అన్నిట్ల గదే మంచిగుంది. ఇయ్యకు."

ఆ ముసలామె పోయి చాలా ఏళ్లయింది కదా అంది.

"ఆమె పోయింది బిడ్డా. ఏదో ఒక ఊర్ల ఇంకొకామె ఉంటది."

ఆ పిల్ల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. పుస్తకంలో ఆ కథ లేదు.

ఇది మా కోడలి చేతికి ఇచ్చే ముందు మొదటి నుంచి వేలు పెట్టి చదువుకున్నాను. సోమక్క ఆమె పేరు కాదు, నేను పెట్టిందే. ఆమె కంటి మందుకు రాలేదు. ఆమెకు మేక లేదు. ఆమె మనుమరాళ్లు ఇంకా ఆ గూడెంలోనే ఉన్నారు.