వెలిసిన పేలిక

మా పెరట్లో పాదు మీది కాయకు గుడ్డ పేలిక కట్టి ఉందంటే దాన్ని ఎవరూ తెంపరు. ఇది మా అత్తమ్మ పెట్టిన కట్టడి. తెల్ల పేలిక కడితే ఆ కాయ దేవుని వంతు, కోత పండుగనాడు మందిరంలో బల్ల మీదికి పోతుంది. రంగు పేలిక కడితే ఇత్తుకాయ. తీగ ఎండేదాకా తీగ మీదే ఉండి, మరుసటేటికి విత్తనమవుతుంది. కట్టిన ముడిని మధ్యలో విప్పకూడదు. దేవుని కాయ ముడి మందిరంలో విప్పాలి, ఇత్తుకాయ ముడి విత్తే రోజున విప్పాలి.

నేను చర్చి ఉపదేశి కూతురిని. అక్షరాలకన్నా ముందు వాక్యం చెవిన పడిన ఇంట్లో పెరిగాను. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపించే పని నాకు అప్పగించారు. దేవుని వంతు దగ్గర అత్తమ్మకన్నా నాకే ఎక్కువ పట్టింపు. ఒక ఏడు పండుగ ఆలస్యమై, దేవునికని ఉంచిన ఆనిగెపుకాయ ముదిరి గట్టి బుర్ర అయిపోయింది. ఆనిగెపుకాయనే పట్నంలో సొరకాయ అంటారు. అలాంటి కాయను బల్ల మీద ఎలా పెడతామని నేను నొచ్చుకుంటే అత్తమ్మ నవ్వింది.

"దేవుడేమన్న కూర వండుకుంటడా? ఇచ్చినమా లేదా అని చూస్తడు గని."

ఆ బుర్రను కూడా వేలంలో ఎవరో పాడుకున్నారు. మా పండుగలో అంతే. ఆరాధన అయ్యాక బల్ల మీది కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, మిరపకాయలు అన్నీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి.

నిరుడు వానలు ఆగని రోజుల్లో అత్తమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. ఆమెకున్న ఒక్క కూతురు, మా ఆడబిడ్డ, ముంబై దగ్గర భివండిలో ఉంటుంది. భర్త అక్కడ మరమగ్గాల మీద పని చేస్తాడు. ఫోను వినగానే ఆమె రైలెక్కింది. పట్టాల మీదికి నీళ్లొచ్చి ఆ రైలు దారిలోనే నిలిచిపోయింది. ఆమె వచ్చేదాకా శరీరాన్ని ఉంచేందుకు వరంగల్ నుంచి ఫ్రీజర్ బాక్స్ తెప్పించడానికి మా ఆయన పడని తిప్పలు లేవు. వాగు పొంగి ఉండటంతో బండి అవతలి ఒడ్డునుంచే వెనక్కి తిరిగింది. ఆ రోజు ఊళ్లో కరెంటు ఉంది. డబ్బా లేదు. మరునాడు పొద్దుగూకే వేళకు భూస్థాపన చేయక తప్పలేదు.

ఆడబిడ్డ వచ్చేసరికి తడి మట్టి కుప్ప, దాని మీద మేం గుచ్చిన కర్ర సిలువ మిగిలాయి. ఆమె గట్టిగా ఏడవలేదు. మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను ఒక్కటే అడిగింది.

"మొఖం మంచిగుండెనా వదినె?"

"మంచిగుండె చెల్లె. పండుకున్నట్టే ఉండె."

ఆ మాట అడగాల్సిన అవసరం ఏ బిడ్డకూ రాకూడదని ఆ రాత్రి ప్రార్థనలో కూర్చున్నప్పుడు నాకు తోచింది. తర్వాత స్త్రీల సమాజం కూడినప్పుడు లేచి చెప్పాను. ఈసారి కోత పండుగ డబ్బుతో మన ఊరికి మనమే ఒక ఫ్రీజర్ బాక్స్ కొందాం, మందిరం పక్క గదిలో పెడదాం, ఏ మతంవాళ్లు అడిగినా ఇద్దాం అన్నాను. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. మందిరం రేకులు కారుతున్నాయి, ముందు అవి మార్చాలన్నారు కొందరు. ముందు వరుసలో కూర్చునే ఒక ముసలామె బుగ్గలు నొక్కుకుంది.

"మంచిగున్నది ముచ్చట. సచ్చినోళ్లకు సల్లగ, బతికినోళ్లకు నెత్తి మీద నీళ్లు!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆ ముసలామే మళ్లీ అంది. "నా కొడుకు దుబాయిల ఉంటడు. కొనుండ్రి డబ్బా. రేకుల కింద బకెట్లు పెడుదాం."

పండుగ దగ్గరపడుతుండగా ఆడబిడ్డ ఫోను చేసింది. పండుగకు వస్తానంది. ఆగి, మెల్లగా అడిగింది. "వదినె, అమ్మ ఆనిగెపు ఇత్తులు జర నాకు పెట్టి ఉంచుతవా? ఈడ మట్టి డబ్బాలల్ల పాదు పెట్టుకుంట. అమ్మ చేతివి ఇంకేం లేవు నా దగ్గర."

పెట్టి ఉంచుతానని మాటిచ్చాను. ఫోను పెట్టేశాక గాని నాకు సంగతి తట్టలేదు. పేడలో ఒత్తి గోడకు కొట్టిన పాత ఇత్తులకు ఆ ముసురులో బూజు పట్టింది. అన్నీ పారేశాం. తీగ మీది కాయలు సగం కుళ్లిపోయాయి, సగం వండుకున్నాం. పందిరి చివర ఒక్క కాయ మాత్రం మిగిలింది. దానికి అత్తమ్మ తన చేత్తో కట్టిన పేలిక ఉంది. అప్పటికి ఆ కాయ పూర్తిగా ఎండింది. ఊపితే లోపల గింజలు గలగలమంటున్నాయి.

పేలిక ఏ రంగో తెలియడం లేదు. వానంతా తడిసి, తర్వాతి ఎండంతా ఎండి, బూడిద రంగుకు తిరిగింది. తెల్లది మాసిందా, రంగుది వెలిసిందా అన్నది ఎంత చూసినా తేలలేదు. అత్తమ్మ దాన్ని కట్టినప్పుడు మేమెవ్వరం దగ్గర లేం.

మా ఆయనకు అసలు అనుమానమే రాలేదు. "ఇత్తుకాయనే. చెల్లె అడిగింది గదా, ఇచ్చెయ్."

"దేవుని వంతయితే?"

"దేవునికి ఇత్తులెందుకే? ఆయన దగ్గర లేనియా?"

ఆయనకు అది తేలికైన మాట. నాకు కాదు. దేవునికని వేరు చేసినదాన్ని ఇంట్లో దాచుకున్నవాళ్లకు బైబిల్లో ఏ శిక్ష పడిందో ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. పైగా పాదు వేస్తే దేవుని వంతు కట్టకుండా అత్తమ్మ ఏనాడూ ఉండలేదు. ఆ ఏడు తెల్ల పేలిక కట్టిన కాయ మరొకటి ఎక్కడా కనబడలేదు. అది కుళ్లి రాలిపోయిందో, అసలు కట్టనే లేదో తెలియదు. మోకాళ్ల మీద అడిగాను. నాకు జవాబు వినిపించలేదు. ఎటూ తేలనప్పుడు దేవుని పక్కనే నిలబడాలని మా నాయన నేర్పాడు. కాయను బల్ల మీద పెట్టాలని తీర్మానించుకున్నాను.

పండుగ ముందురోజు ఆడబిడ్డ దిగింది. నీళ్లు తాగి నేరుగా పెరట్లోకి పోయి, పందిరి కింద నిలబడి ఆ కాయను రెండు చేతులా పట్టుకుంది. అప్పుడే చెప్పాను, అది బల్ల మీదికి పోతుందని, ఎందుకో కూడా. ఆమె కాయను మెల్లగా వదిలేసింది.

"నీ ఇష్టం వదినె. ఇంట్ల ఉన్నదానివి నువ్వు."

ఆ మాట ముద్ద ముద్దకూ అడ్డం పడి, ఆ పూట నేను సరిగ్గా తినలేకపోయాను.

మరునాడు మందిరం నిండింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మడానికి పోవలసిన వాళ్లు కూడా ఆగిపోయారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్క ఇల్లు లేచి కానుక తెచ్చి బల్ల మీద పెడుతోంది. మా వంతు వచ్చినప్పుడు నేను కాయను తీసుకుని ముందుకు నడిచాను. ప్రతి ఏడూ అక్కడ అత్తమ్మే ముడి విప్పేది. నేను ముడి మీద చెయ్యి వేయబోతుంటే సంఘ పెద్ద ఆపాడు. వేలం పాడించేది ఆ తాతే.

"కోడలా, నువ్వు కాదు. బిడ్డ వచ్చింది గదా. బిడ్డను విప్పనియ్యి."

ఆడబిడ్డ లేచి వచ్చింది. ముడి బిగుసుకుపోయి ఉంది. గోటితో రాలేదు, పంటితో వదులు చేసింది. పేలిక విడింది. ముడి లోపల, ఎండా వానా తగలని చోట, వేలెడంత మేర ముదురు ఆకుపచ్చ రంగు అలాగే ఉంది. దాని మీద సన్నని పసుపు చుక్కలు.

ఆమె దాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత నాకు మాత్రమే వినబడేలా అంది. "ఇది నేను పంపిన చీర వదినె."

అది ఇత్తుకాయ. దేవునిది కాదు. కూతురు పంపిన చీర కొంగు చింపి, మరుసటేటి విత్తనానికి గుర్తుగా తల్లి కట్టింది.

పాస్టరు అయ్యగారు దగ్గరగానే నిలబడి ఉన్నారు. ఆయనకు విషయం అర్థమైంది. "తీసుకుపో అమ్మా," అన్నారు నెమ్మదిగా. "దేవుడు గుంజుకునేవాడు కాదు."

ఆడబిడ్డ తల అడ్డంగా ఊపింది. "బల్ల మీద పెట్టినంక ఎత్తుకపోతరా అయ్యగారు? పాటకు పెట్టుండ్రి. నేను పాడుకుంట."

వేలం మొదలయ్యింది. కోళ్ల దగ్గర, గుమ్మడికాయల దగ్గర ఎప్పటిలాగే అరుపులు, నవ్వులు. ఒకాయన తను కొన్న టెంకాయను మళ్లీ బల్ల మీద పెట్టించి, మళ్లీ తనే కొన్నాడు. ఆనిగెపు బుర్ర వంతు వచ్చింది. తాత దాన్ని ఊపి గింజల చప్పుడు అందరికీ వినిపించాడు.

"నూరు రూపాయలు," అంది ఆడబిడ్డ.

ఎవరూ నోరు విప్పలేదు. ముడి సంగతి అప్పటికే వరసలన్నిటికీ పాకింది. టెంకాయకు గొంతు చించుకున్న మగవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఆమెకు ఎదురు పాడకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తాత అటూ ఇటూ చూశాడు. "నూరు ఒకటోసారి..."

"రెండు నూర్లు," అంది ఆడబిడ్డ.

తాత ఆగిపోయాడు. "బిడ్డా, నూరు నీదే గదా. నీ పాట మీద నువ్వే పాడుతానవేంది?"

"తెలుసు తాతా. నాకు ఎదురు ఎవ్వలు పాడుతలేరు. ఎవరో ఒకరు పాడాలె గదా. ఐదు నూర్లు."

"అరె, నోరు పట్టుండ్రి జర ఆ పిల్లది!" అంది రేకుల కింద బకెట్లు పెడదామన్న ముసలామె, కళ్లు తుడుచుకుంటూ.

"వెయ్యి," అంది ఆడబిడ్డ. "మా అమ్మకు లేకపాయె డబ్బా. ఇంకొకళ్ల అమ్మకన్న ఉండాలె. పదిహేను నూ..."

తాత ఆ మాట పూర్తి కానివ్వలేదు. "వెయ్యి ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని ఒక్క గుక్కలో అనేసి, అరచేత్తో బల్లను గుద్దాడు. పాట వీలైనంత పైకి పోవాలని గొంతు పోగొట్టుకునే మనిషి, ఆ ఒక్కసారి దాన్ని కిందనే ఆపడానికి పరుగెత్తాడు. ఆ తర్వాత బల్ల మీద మిగిలిన ప్రతి వస్తువునూ మా సంఘం దాని విలువకు మించి పాడింది. డబ్బా డబ్బు ఆ రోజే పూర్తయ్యింది.

ఇంటికొచ్చి ఆడబిడ్డ పెరట్లో కూర్చుని రాయితో బుర్రను పగులగొట్టింది. గింజలను చాటలో పోసి తాలు గింజలు ఏరేసింది. మిగిలినవాటిని రెండు కుప్పలు చేసి, ఒక కుప్ప నా కొంగులో పోసింది.

"నువ్వు కొనుక్కున్నవి చెల్లె," అన్నాను.

"ఇత్తుకు పైసలు తీసుకోవద్దనేది అమ్మ. నేను డబ్బాకు ఇచ్చిన. ఇత్తుకు ఇయ్యలె." చాట పక్కన పెట్టి అంది. "నువ్వు దేవునికి భయపడి పెట్టినవ్. నాకు ఎరుకే. నిన్న కోపంల అన్న."

ఫ్రీజర్ బాక్స్ వచ్చి మందిరం పక్క గదిలో ఉంది. దాన్ని మొదట అడిగి తీసుకుపోయింది కూలి చేసుకుని బతికే ఒక హిందూ కుటుంబం. దూరాన ఉన్న కొడుకు వచ్చేదాకా చనిపోయిన తల్లి అందులోనే ఉంది. నేను పలకరించడానికి పోయినప్పుడు ఆ కొడుకు అద్దం మీద చెయ్యి పెట్టి ముఖం చూసుకుంటున్నాడు. ఆయన నన్నేమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

ముడిలో దాగిన రంగు దేవునికి ముందే తెలుసు. నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని చాలా రోజులు ఆయన్ని అడిగాను. ఇప్పుడు అడగడం మానేశాను.

ఈ వానలకు పందిరి మళ్లీ నిండింది. భివండిలో ఇంటి మీద డబ్బాలో పెట్టిన పాదు పూతకు వచ్చిందని ఆడబిడ్డ ఫోటో పంపింది. మొన్న నేను తొలి పిందెకు తెల్ల పేలిక కట్టాను. దాని పక్క కాయకు నా ఎర్ర చీర చింపి కట్టాను. కట్టేటప్పుడు ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి, ముడిని కాస్త పెద్దదిగా వేశాను.