పదకొండు మందికి ఒకే నంబరు

పోయిన మంగళవారం పొద్దున్నే మా తలుపు కొట్టింది ఇస్త్రీ అక్క. గల్లీ మొదట్లో బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, ఆ వేళకి పెట్టెలో బొగ్గులు రాజేస్తూ ఉండాలి. నేను తలుపు తీయగానే, "సిస్టరమ్మ పోయిందమ్మా. నిద్రలనే పోయిందంట" అని మెట్ల మీద కూలబడింది. నేను పళ్ళు తోముకునే బ్రష్షు చేత్తో పట్టుకునే మెట్లు దిగాను. కిందికి వెళ్ళేసరికి సిస్టరమ్మ మంచం పక్కన స్టూలు మీద ఆమె ఫోన్ మోగుతోంది. ఎవరిదో రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందని మెసేజ్.

సిస్టరమ్మ అంటే మా చిక్కడపల్లి ఇంట్లో కింది పోర్షన్‌లో ఉండిన రిటైరైన నర్సు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు దవాఖానాలో చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ముషీరాబాద్‌లో ఒక చెల్లెలు ఉంది. సిస్టరమ్మను పేరుపెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు, ఆ చెల్లెలు కూడా అందరి ముందూ సిస్టరమ్మ అనే అనేది.

మూడో రోజు పరామర్శకు వచ్చిన దూరపు చుట్టం ఒకాయన చాయ్ తాగుతూ, "పాపం, పాతకాలం మనిషి. ఈ యాప్‌లు, ఆన్‌లైన్లు ఆమెకు పడలే. ఊకె ఆస్పత్రోళ్ళతోని లొల్లి పెట్టుకునేది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో గొడవెందుకని మా అమ్మ నా చెయ్యి నొక్కింది కాబట్టి ఊరుకున్నాను. ఇలా రాసేటప్పుడు నా చెయ్యి నొక్కేవాళ్ళు లేరు. అందుకే చెప్తాను.

పాతకాలం మనిషట! డెబ్బై ఏళ్ళ వయసులో స్మార్ట్‌ఫోన్ కొనుక్కుని, అది ఎలా వాడాలో వారం రోజుల్లో నేర్చుకున్న మనిషి ఆమె. నేర్పింది నేనే. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో నా ఉద్యోగం. చేసిన యాప్‌లో తప్పులు వెతకడం నా పని. నేను చెప్పేదంతా పాత డైరీలో రాసుకునేది. మూడో అంతస్తు నుంచి దిగలేని ముసలాయనకి వీడియోలో డాక్టర్‌ను చూపించింది ఆమే. ఆక్సిజన్ చూసే చిన్న క్లిప్పును ఎప్పుడూ కొంగుకు పెట్టుకుని తిరిగేది. "పనికొచ్చేదైతే పట్టుకో, రానిదైతే కొట్లాడు" అనేది. ఆ మాట ఫోన్ గురించీ అనేది, మనుషుల గురించీ అనేది.

అయితే ఫోన్‌ను నమ్మడానికి ఆమెకు ఒక హద్దు ఉండేది. అశోక్ నగర్ హాస్టళ్ళలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు జ్వరమొస్తే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకసారి ఒక అమ్మాయి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, చేతికున్న వాచీ చూపించి, "అంతా నార్మలే చూపిస్తున్నది ఆంటీ" అంది. సిస్టరమ్మ తన చేతి వెనకవైపును ఆ అమ్మాయి మెడకు ఆనించి, "వాచీ బాగనే ఉన్నది బిడ్డా. నువ్వే బాగలేవు" అంది. ఆ పూటే ఆటో ఎక్కించి తీసుకెళ్ళింది. డెంగ్యూ అని తేలింది.

ఇక నంబర్ సంగతి. నారాయణగూడలో మా వాళ్ళంతా వెళ్ళే ఆస్పత్రి ఒకటుంది, పేరు చెప్పను. అక్కడ చీటీ రాసేటప్పుడు ఫోన్ నంబర్ అడుగుతారు. మా గల్లీ ఆడవాళ్ళలో కొందరివి బటన్ ఫోన్లు, కొందరి ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మొగుడి జేబులో పొద్దున్నే డ్యూటీకి పోతుంది. ఉన్నా ఆ ఇంగ్లీషు మెసేజ్ చదివేదెవరు? అందుకని అందరూ సిస్టరమ్మ నంబర్ చెప్పేవాళ్ళు. ఎవరూ ఆమెను అడిగేవాళ్ళు కూడా కాదు. పక్కింటివాళ్ళ అడ్రసుకు ఉత్తరం తెప్పించుకున్నంత మామూలుగా అయిపోయింది. అలా పదకొండు మంది. పగలంతా నేను ఆఫీసు పనిలో ఉంటానని, మొదట రాయించుకున్నది మా అమ్మే. సాయంత్రం నాలుగు కాగానే సిస్టరమ్మ వాకిట్లో తన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఎవరికి ఏం వచ్చిందో పిలిచి చెప్పేది.

ఆ ఆస్పత్రివాళ్ళు పోయినేడు కొత్త యాప్‌కి మారారు. ఆ యాప్ మా కంపెనీ చేసింది కాదు. మేం చేసినా అంతకంటే బాగా చేసేవాళ్ళమని నేను ప్రమాణం చేయలేను. యాప్ వచ్చింది కాబట్టి క్యూలు ఉండవని, క్యూలు ఉండవు కాబట్టి కూర్చోవాల్సిన పని లేదని, హాల్లో బెంచీలు కూడా తీసేశారు.

సరిగ్గా ఆ రోజుల్లో సిస్టరమ్మ చెల్లెలికి బాగాలేక ముషీరాబాద్ వెళ్ళింది. ఇక్కడ అమ్మకి నీరసంగా ఉందంటే నేను యాప్‌లో వీడియో డాక్టర్‌ను పెట్టాను. ఓటీపీ సిస్టరమ్మకు వెళ్ళింది. ఫోన్ చేస్తే, "నాలుగు... సున్నా... రాసుకున్నవా? జర నెమ్మదిగ రాయి" అంటూ ఇంజెక్షన్ డోసు చెప్పినట్టు ఒక్కో అంకె చెప్పింది. డాక్టర్ అబ్బాయి తెర మీద కనిపించాడు, ఫైల్ చూశాడు, "షుగర్ బాగా ఎక్కువుంది కదా" అని మాత్రలు రాశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు ముచ్చటేసింది.

"నాకు షుగర్ లేదు కదనే?" అంది అమ్మ.

"రిపోర్టులో ఉందమ్మా. పైన నీ పేరే ఉంది. నీకేం తెలుసు?" అన్నాను.

తప్పులు వెతికే ఉద్యోగం చేసే నేను ఆ ఫైల్‌ను వేలితో ఒక్కసారి కిందికి జరపలేదు. జరిపితే తెలిసేది. అమ్మ నా మాట మీద మాత్ర వేసుకుంది. రెండో రోజు మధ్యాహ్నం సిస్టరమ్మ ముషీరాబాద్ నుంచి తిరిగొచ్చి, తాళం కూడా తీయకుండా, అమ్మ ఎలా ఉందో చూడ్డానికి పైకి వచ్చింది. అమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు చెమటతో తడిసిపోయింది. నేను పక్క గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. సిస్టరమ్మ కేక విని పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ నోటికి చక్కెర నీళ్ళు పట్టిస్తోంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ అడుగంటి ఉంది. ఆటోలో దగ్గరి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఆయన చెప్పాడు. అది నేను ఇక్కడ రాయలేను.

ఆ సాయంత్రం సిస్టరమ్మ తన ఫోన్లో ఆ ఫైల్ తెరిచి కిందికంటా జరిపింది. కొత్త యాప్ ఒక నంబరుకు ఒకే మనిషి అనుకుంది. పదకొండు మందినీ కలిపి ఒక్క మనిషిని చేసింది. పైన మా అమ్మ పేరు. కింద ఇద్దరి షుగరు, ముగ్గురి బీపీ, ఒకరి థైరాయిడు, ఎడమ కంటికి శుక్లం, విరిగిన కుడి కాలు, వీటన్నిటి కింద ఇస్త్రీ అక్క కూతురి ఐదో నెల గర్భం.

"వదినె, ముబారక్. అరవై రెండేళ్ళకు నీళ్ళు పోసుకున్నవ్" అంది సిస్టరమ్మ. మంచం మీద నుంచి అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఏడ్చేశాను. సిస్టరమ్మ నన్ను ఓదార్చలేదు. "ఏడ్సుడు తర్వాత. రిపోర్టు తర్వాత. ముందు మనిషి మొఖం చూడు. మీ అమ్మ మొఖం చూసినవా నువ్వు ఈ రెండు రోజులు?" అంది. ఇప్పటికీ ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాల్సిందే.

మర్నాడు పొద్దున ఆమె తన ఎర్ర కుర్చీని ఆటోలో వేసుకుని నారాయణగూడ బయలుదేరింది. బెంచీలు తీసేశారు కదా మరి. వెంట ఇస్త్రీ అక్క, నేను. హాల్లో, యాప్ వచ్చాక మూసేసిన చీటీల కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్క కౌంటర్లో ఉన్న అబ్బాయి, "ఒక నంబరుకు ఒక పేషెంటే మేడం. సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాడు.

"సిస్టమ్‌కు కాళ్ళు లేవు బిడ్డా, నీకున్నయి. లేచి లోపలికి పోయి అడుగు."

"యాప్‌ల కంప్లైంట్ పెట్టండి మేడం."

"పెట్టినం. అందిందని, సంతోషమని జవాబొచ్చింది. మా వదినె చెయ్యి వణికినందుకు సంతోషమా?"

సెక్యూరిటీ మనిషి వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. "లేస్త బిడ్డా. మీరు కిటికీ తెరిచినంక లేస్త" అంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు సిగ్గేసింది. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుంటే, ఆమెతో వచ్చినదాన్ని కానట్టు మందుల షాపు దగ్గర నిలబడ్డాను. ఆమె అది గమనించింది. ఇంటికొచ్చాక, "రేపు సెలవు పెట్టు. జరిగిన తప్పేందో నీ భాషల రాసియ్యి. నా భాష వాళ్ళకు అర్థమైతలేదు" అంది అంతే.

రాశాను. ఆ ఫైల్ ప్రతి తెరనీ ఫొటో తీసి, ఏ మెట్టు దగ్గర ఎలా తప్పిందో, ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో, నా ఉద్యోగంలో ఎప్పుడూ రాయనంత శ్రద్ధగా రాశాను. అందులో నా తప్పు కూడా రాశాను. నాలుగు రోజులు కూర్చున్నాం. రెండో రోజు మా గల్లీ వాళ్ళు ఇంకో ఆరుగురు వచ్చారు. నాలుగో రోజు లోపలి నుంచి పెద్దాయనెవరో వచ్చి కాగితాలన్నీ నిలబడే చదివాడు, తర్వాత కుర్చీ తెప్పించుకుని మళ్ళీ చదివాడు. పదకొండు మందికి పదకొండు ఫైళ్ళు అయ్యాయి. నంబర్ ఒక్కటే అయినా పేరూ వయసూ అడిగాకే ఫైల్ తెరుచుకునేలా మార్చారు. రోజూ పది నుంచి పన్నెండు దాకా ఫోన్ లేనివాళ్ళ కోసం ఆ కిటికీ తెరిచారు. ముషీరాబాద్ నుంచి, రాంనగర్ నుంచి కూడా ముసలివాళ్ళు ఆ కిటికీకి రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు సిస్టరమ్మ ఎవరో తెలియదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆదివారం రాంనగర్ నుంచి చేపలు తెచ్చి పులుసు పెట్టి, అది ఉడికేలోపు ఆడవాళ్ళను కూర్చోబెట్టి యాప్ నేర్పేది. మా అమ్మతో కలిపి ఐదుగురికి వచ్చింది. మిగతా ఆరుగురికి రాలేదు. "రాకపోతే ఏమైతది? నాకు వంట రాదు, మీరు తినిపెడ్తలేరా?" అనేది. నిజంగానే పులుసులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

ఇదీ టెక్నాలజీ పడని మనిషి కథ.

దినం కాకముందే ఆమె చెల్లెలు ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "దీంట్ల మా అక్కవేం లేవు బిడ్డా. అన్నీ మీవే ఉన్నయి" అంది. నిజమే. ఫొటోలు కూడా మందుల చీటీలవే. సిమ్ బంద్ చేయించమని ఎవరో సలహా ఇచ్చారు. చేయించను. శుక్రవారం నాడు దానికి ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది. సోమవారం నుంచి సేవలన్నీ యాప్ ద్వారానే అట. కిటికీ ఉండదట. మా సౌకర్యం కోసమేనట. ఆమె పోయిందని వాళ్ళకు తెలిసి చేశారని నేను అనను. కానీ ఆమె పోయాక ఎవరూ రారని అనుకుని ఉంటే మాత్రం పొరబడ్డారు.

ఇవాళ సోమవారం. పొద్దున ఎర్ర కుర్చీని ఆటోలో వేసుకుని వచ్చాం. నేను, అమ్మ, ఇస్త్రీ అక్క, గల్లీ వాళ్ళు ఇంకో నలుగురు. కిటికీ మూసి ఉంది. దాని మీద ఒక కాగితం, కాగితం మీద స్కాన్ చేసుకునే నల్లగళ్ళ బొమ్మ. కుర్చీ వేశాం కానీ అందులో ఎవరమూ కూర్చోలేకపోయాం. బయటివాళ్ళ ముందు గొంతెత్తి నాలుగు మాటలు మాట్లాడి ఎరగని మా అమ్మ, కొంగుతో కుర్చీ తుడిచి కూర్చుంది. సిస్టరమ్మ ఫోన్‌ను నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

సెక్యూరిటీ మనిషి వచ్చాడు. "అమ్మా, ఇక్కడ కూసోవద్దు. ఆ కాగితం స్కాన్ చేసుకోండ్రి."

"లేస్త బిడ్డా" అంది అమ్మ. "మీరు కిటికీ తెరిచినంక లేస్త."

ఇదంతా నేను కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడి రాస్తున్నాను. ఈసారి మందుల షాపు దగ్గరికి పోలేదు. రాంనగర్ నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన మూసిన కిటికీని చూసి, మమ్మల్ని చూసి, చీటీ చేత్తో పట్టుకుని అమ్మ వెనక నిలబడ్డాడు. ఇందాక అమ్మ ఒళ్ళో ఫోన్ మోగింది. ఇస్త్రీ అక్క మనవరాలికి టీకా వేయించాల్సిన రోజు రేపేనని మెసేజ్. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో తెరను కిందికంటా జరిపి, పేరూ వయసూ రెండుసార్లు చదువుకుని, ఇస్త్రీ అక్కను పిలిచి చెప్పింది. పన్నెండు దాటింది. అమ్మ ఇంకా ఎర్ర కుర్చీలోనే ఉంది.