ఎవేలియో షెవర్లే టైర్లు, మిగ్దాలియా కత్తి

హవానాలో సెర్రో పేట. పదకొండు గదులకు కలిపి ఒకటే ముంగిలి, ఒకటే పంపు ఉన్న లోగిలి. ఆ ముంగిట్లో మిగ్దాలియా పీట వేసుకుని కూర్చుందంటే ఎవరో ఒకరి కాళ్ళకు మంచిరోజు వచ్చినట్టే. కత్తిని సబ్బునీళ్ళలో ముంచి, టైరు మీద ఆనించి, మళ్ళీ ముంచి, రొట్టె కోసినంత నిమ్మళంగా కోసుకుంటూ పోయేది. చూడ్డానికొచ్చినవాళ్ళు "అంత బలం ఎక్కణ్ణించి వస్తుందమ్మా నీకు?" అంటే నవ్వేది. "బలం కాదు, తడి. పొడికత్తికి రబ్బరు లొంగదు" అనేది.

నలభై ఏడేళ్ళ మనిషి. అరిగిన టైర్లకు కొత్త పొర తొడిగే కర్మాగారంలో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. రష్యా నూనె ఓడలు రావడం ఆగిపోయాక కర్మాగారం మూతబడింది. ఆ రోజు గేటు దగ్గర అందరూ ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చింది. ఏడుస్తూనే తన కత్తీ సానరాయీ సంచీలో వేసుకుంది.

బస్సులు నిలిచిపోయాయి. ఊరు ఊరంతా నడక, లేకపోతే చైనా సైకిళ్ళు. రేషను పుస్తకంలో బూట్లకో గడి ఉండేది గానీ దుకాణంలో బూట్లే ఉండేవి కావు. పైవాళ్ళు రేడియోలో ఓపిక పట్టమనేవారు. ఓపికను కాళ్ళకు తొడుక్కుని పనికి పోలేం కదా! అందుకే జనం మిగ్దాలియా దగ్గరికి వచ్చేవారు. గుడ్డు తెచ్చేవాళ్ళు గుడ్డు తెచ్చేవారు, ఏమీ లేనివాళ్ళు ఉత్త చేతుల్తో వచ్చేవారు. ఇద్దరికీ టైరు చెప్పు అడుగు ఒకే మందంలో పడేది. ఇలాంటివాళ్ళ బొమ్మలు పేపర్లో వెయ్యరు. వెయ్యాల్సింది మాత్రం ఇలాంటివాళ్ళవే.

ఆమె చిక్కల్లా టైర్లతోనే. ఈ కాలపు టైర్లలో ఇనుప తీగలుంటాయి. కత్తి మొండిబోతుంది, పైగా నెల తిరక్కుండా తీగ మొన బయటికొచ్చి అరికాలు చీరుస్తుంది. పాత రకం టైర్లలో ఉండేవి దారాల పొరలే. అవి వెన్నలా తెగుతాయి, ఎముకలా నిలుస్తాయి. అలాంటివి ఆ పేట మొత్తంలో నాలుగే ఉన్నాయి. అవి ఆమెవి కావు.

అవి ఎవేలియోవి. ముప్పై ఏళ్ళు టాక్సీ నడిపిన మనిషి, అరవై ఆరేళ్ళు. ఆయన యాభై రెండో సంవత్సరపు షెవర్లే పెట్రోలు లేక మూడేళ్ళుగా పక్క సందులో ఇటుకల దొంతుల మీద నిలబడి ఉంది. బండి బరువుకు టైర్లు నలుగుతాయని విప్పి తెచ్చి మిగ్దాలియాకు అప్పగించాడు. "పెట్రోలు వచ్చేదాకా దాచి పెట్టు పిల్లా. కత్తి మాత్రం తగలనివ్వకు" అన్నాడు. ఆమె మాటిచ్చింది.

తన దగ్గరున్న మిగతా టైర్లన్నిటికీ నీళ్ళు నిలవకుండా వేలు పట్టేంత కన్నం పెట్టేది. వీటికి మాత్రం పెట్టలేదు, రేపు రోడ్డెక్కాల్సినవి కదా. గది కప్పు కారడం మొదలై, ఉన్న పొడిచోటు మంచానికే సరిపోవడంతో వాటిని ముంగిట్లోకి చేర్చి, ప్రతి ఆదివారం ఒక్కొక్కటే ఎత్తి నీళ్ళు ఒంపేసేది. ఆగస్టులో ఒక ఆదివారం జిగురు కోసం పొద్దుటినించీ క్యూలో నిలబడి, ఆ పని మరిచింది.

మంగళవారం దోమల ఇన్‌స్పెక్టరు రిగోబెర్తో వచ్చాడు. టార్చి వేసి, గాజు గొట్టంతో మూడో టైరులోంచి నీళ్ళు పీల్చి వెలుతురుకు పట్టి చూపించాడు. సన్నటి పురుగులు గిలగిల తిరుగుతున్నాయి.

"ఇవేంటో చెప్పు కామ్రేడ్?"

"దోమ పిల్లలు. తప్పు నాదే" అంది మిగ్దాలియా.

ఏడ్చేవాళ్ళనూ తిట్టేవాళ్ళనూ రోజూ చూసే ఆ మనిషికి తప్పు ఒప్పుకునేవాళ్ళు కొత్త. గొంతు తగ్గించాడు. "పురుగు దొరికాక టైరు ఉండకూడదు. శుక్రవారం లారీ వస్తుంది, నాలుగూ చెత్తదిబ్బకు పోతాయి. కోసిన ముక్కల సంగతి నాకనవసరం. నేను లెక్కపెట్టేది గుండ్రంగా ఉన్నవే."

అతను గడప దాటాడో లేదో పక్కగది సొరైదా ఊడిపడింది. ఉత్తరాలు పంచే ఉద్యోగం, రోజుకు పన్నెండు కిలోమీటర్ల నడక. ఆమె బూటు మడమను రాగితీగతో కట్టుకుంది.

"ఇంకేంటక్కా! కోసి పారెయ్. ముసలాయనడిగితే లారీవాళ్ళు ఎత్తుకుపోయారని చెప్పు."

"అబద్ధం చెప్పి కుట్టిన చెప్పు కాలు కరుస్తుందే."

"నా కాలు ఇప్పటికే కరుస్తోంది మహాతల్లీ! నీ నిజాయితీని తీగేసి మడమకు కట్టుకోనా?"

మిగ్దాలియా టైరులోని నీళ్ళు ఒంపేసింది. సొరైదా అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. ఆయనకు చెబితే "దిబ్బకే పోనీ గానీ చెప్పులు చెయ్యనివ్వను" అంటాడేమో. అంటే, పదమూడు పద్నాలుగు మంది కాళ్ళు మళ్ళీ రోడ్డున పడతాయి. చెప్పకపోతే తనిచ్చిన మాట ఏమైనట్టు? బుధవారం పొద్దున్నే ఒక టైరు భుజానికి తగిలించుకుని సందులోకి నడిచింది.

ఎవేలియో గుడ్డముక్కతో షెవర్లే ముందుభాగం తుడుస్తున్నాడు. టైరు చూడగానే మొహం విప్పారింది. "పెట్రోలొచ్చిందా?"

"లేదు పెద్దాయనా. దీంట్లో దోమ పిల్లలు దొరికాయి. నీళ్ళు ఒంపడం నేను మరిచాను. శుక్రవారం లారీ వస్తోంది. దిబ్బకైనా పోవాలి, నా కత్తికైనా రావాలి."

ఆయన తిట్టిన తిట్లు సందు చివరి రొట్టెల దుకాణం దాకా వినబడ్డాయి. "మూడేళ్ళనించీ కాచుకుని కూచున్నావు గద్దలాగా! నా బండిని ముక్కలు ముక్కలుగా ఊరందరి కాళ్ళకూ తొడుగుతావా? నా మీదెక్కి నడుస్తారా మీరంతా?"

ఆమె తలవంచుకుని అన్నీ విన్నది. ఆయనకు ఊపిరి అందక ఆగినప్పుడు, టైరు అంచును రెండు చేతులా పట్టి వెనక్కి వంచింది. పైకి నల్లగా నున్నగా ఉన్న రబ్బరు, నెర్రెలిచ్చిన చేనులా పగుళ్ళు తెరిచింది.

"రబ్బరు తిరుగుతుంటే బతుకుతుంది, కూర్చోబెడితే చస్తుంది. ఇవింక బండిని మొయ్యవు. పెట్రోలు రేపే వచ్చినా మొయ్యవు. ఇంకో ఏడాదైతే చెప్పుకూ పనికిరావు."

ఎవేలియో ఒక పగులులో గోరు పెట్టి చూశాడు.

"ఈ సంగతి ఎప్పటినించీ తెలుసు నీకు?"

"నిరుడు నించీ."

"మరి చెప్పవేం?"

"చెబితే బండి తుడవడం మానేస్తారని."

ఆయన గుడ్డముక్కను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "వెళ్ళు" అన్నాడు. టైరు తీసుకుపొమ్మన్నాడో వదిలి పొమ్మన్నాడో తెలియక ఆమె దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం దాకా కత్తి ముట్టలేదు. సొరైదా రెండుసార్లు వచ్చి చూసి, పళ్ళు నూరుకుని పోయింది. మూడింటికి ముంగిలి గుమ్మంలో టైరు దొర్లుకుంటూ వచ్చిన చప్పుడైంది. వెనకాల ఎవేలియో, ఇస్త్రీ చొక్కాలో.

"నువ్వు కొయ్యి. నేను పట్టుకుంటాను" అన్నాడు.

పట్టుకున్నాడు. మొదటి గాటు పడ్డప్పుడు కళ్ళు మూసుకున్నాడు, రెండోదానికి తెరిచాడు. మూడోదానికల్లా "అటు కాదు పిల్లా, ఆ వైపు బ్రేకు రాపిడికి అరిగింది, ఇటునించి తియ్యి" అంటూ సలహాలకు దిగాడు. టైరు వంపు కాలివేళ్ళ దగ్గర పైకి లేచేలా ఆమె సుద్దతో పాదం గీస్తుంటే, "ఇదేదో తెలివైన పనే" అని ఒప్పుకున్నాడు కూడా. చీకటి పడకముందే నాలుగూ తెగాయి. ఇరవై ఎనిమిది చెప్పు అడుగులు. రెండు పాడయ్యాయి. పదమూడు జతలు మిగిలాయి.

వార్త పాకడానికి ఎంతసేపు? "చివర ఎవరు?" "చివర నేనే" అనుకుంటూ ముంగిట్లో వరుస కట్టేశారు, ఇరవై మందికి పైనే. మిగ్దాలియా మొదటిజతకు చెయ్యి చాపబోతే ఎవేలియో అడ్డుపడ్డాడు.

"వచ్చిన వరస చెల్లదు. ఇవి నా టైర్లు. ఎవరెక్కువ నడుస్తారో వాళ్ళకే ముందు."

గోల లేచింది. ఈ ఊళ్ళో దేవుణ్ణయినా కాదంటారు గానీ క్యూను కాదనరు. ఆయన లెక్కచెయ్యలేదు. ముప్పై ఏళ్ళు మీటరు చూసిన మనిషి, ఊళ్ళో ప్రతి మలుపూ ఆయన నాలిక మీదే ఉంది.

"నువ్వెంత నడుస్తావ్ రమీరో?"

"రోజుకు పది కిలోమీటర్లు!"

"బీరుకొట్టు మీదుగానా? మీ ఇంటినించి నీ పనిచోటికి పదకొండు వందల మీటర్లు. వెనక్కి పో."

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుతో గొడవ సగం చల్లారింది. సొరైదా పన్నెండు అని చెప్పిందో లేదో, "కాదు, పదమూడున్నర, కొండవీధి మెట్లు కలపలేదు నువ్వు" అని ఆయనే పెంచాడు. మొదటి జత ఆమెకు. ఆసుపత్రిలో నేల తుడిచే ఒలీదియాకు రెండోది. అలా పన్నెండు పేర్లు పలకమీదికి ఎక్కాయి. తక్కినవాళ్ళు గొణుక్కుంటూ పోయారు గానీ, అన్యాయం జరిగిందని ఒక్కరూ అనలేదు.

మిగ్దాలియా ముందే పక్కకు తీసిన పదమూడో జత పీట మీద ఉంది.

"ఇది మీది" అంది మిగ్దాలియా.

"నాకెందుకు? నేను బండి దగ్గర కూర్చునేవాణ్ణి. సున్నా కిలోమీటర్లు."

"ప్రతి సోమవారం పెట్రోలు కచేరీకి పోయి అడిగొచ్చేదెవరు? ఇక్కణ్ణించి ఆ కచేరీ ఉన్న వెదాదో పేటకు నాలుగు, తిరిగి నాలుగు."

ఆయన కాసేపు తనలో తాను లెక్క వేసుకున్నాడు. "వారానికి ఎనిమిది. అందరికన్నా ఆఖరు" అన్నాడు నిజాయితీగా. బూటు విప్పి, పాదం తెచ్చి రబ్బరు మీద పెట్టాడు. మిగ్దాలియా వంగి, చుట్టూ సుద్ద గీసింది.

శుక్రవారం లారీ వచ్చింది. రిగోబెర్తో ఆ నాలుగు టైర్ల కోసం ముంగిలంతా తిరిగి, కాగితం మీద "లేవు" అని రాసుకుని పోయాడు.