తమిళ పేపర్ల మధ్య ఆరిన కొమ్మలు

ఈ సంగతి రాసిపెట్టకపోతే రెండు అబద్ధాలు మిగిలిపోతాయి. మా తోటలో పనిచేసేవాళ్లలో సగం మంది లలితక్క దయ్యమై వచ్చిందంటున్నారు. మిగతా సగం నేను తాగి కలగన్నానంటున్నారు. రెండూ కాదు. అందుకే రాస్తున్నాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. పదో తరగతితో చదువు ఆగిపోయినా, తిరుపతి గ్రంథాలయంలో మొక్కల పుస్తకం ఒక్కటీ వదల్లేదు. ఇంగ్లీషువి కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ప్రతిదానికీ కారణం ఉంటుందని వాటి దగ్గరే నేర్చుకున్నాను.

అలిపిరికి కాస్త దూరంలో, కొండ కింద ఉన్న మొక్కల పరిశోధన కేంద్రంలో నేను సహాయకుణ్ణి. ముందువైపు జనం తిరిగే తోట. వెనక గదిలో ఎండబెట్టిన మొక్కలు భద్రపరుస్తాం. కోసుకొచ్చిన కొమ్మను పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ బిగించి కడతాం. తడి పీల్చిన పేపర్లు తీసేసి రోజూ పొడివి పెట్టాలి. లేకపోతే బూజు పడుతుంది.

ఆ పని నాకు నేర్పింది నగరి లలితక్క. మగ్గాల ఇంటి మనిషి. పేపర్లు తమిళనాడు అంచునున్న తన ఊరి నుంచి ఆమే తెచ్చేది, అన్నీ తమిళానివి. కొమ్మ పరిచేటప్పుడు అడుగుభాగం కూడా కనబడాలని ఒక ఆకును తిరగేసి పెట్టేది. నేను మరిచిపోతే ఎగతాళి చేసేది.

"ఏం లైబ్రరీ సారూ, ఆకుకు ఈపు ఉండాదని నీ పుస్తకంలో రాయలేదా?"

నిరుడు జ్వరంతో ఆమె పోయింది. అప్పటి నుంచి మేం వాడేవి తెలుగు పేపర్లే.

ఈ వానాకాలంలో బంగారుపాళ్యం దగ్గర ఒక గుట్టను కంకర క్వారీకి ఇచ్చే మాట నడిచింది. మరెక్కడా దొరకని చిన్న మొక్క ఒకటి ఆ గుట్ట మీద ఉందని మా శాస్త్రవేత్త వసుంధర మేడమ్ అనుమానం. పూలతో సహా నమూనా చూపిస్తే గుట్ట మిగులుతుంది. మేం వెళ్లేసరికి మేకలు మేసేయగా, పూలున్న కొమ్మలు కొన్నే మిగిలాయి. వాటిని తెచ్చి, వాన మొదలవుతుంటే హడావిడిగా బిగించేశాను. ఆకు తిరగేయలేదు.

తుఫాను పట్టుకుంది. కేంద్రానికి వెళ్లే దారి వాగై పారింది. గది కిటికీలకు లోపల గొళ్లాలు. తాళంచెవి ఒక్కటే, అది రేణిగుంటలో, మా ఇంట్లో, నా దగ్గరే ఉంది. పేపర్లు మార్చే దారి లేక, గుట్ట పోయినట్టేనని కుమిలిపోయాను.

నీళ్లు తగ్గాక, పట్టపగలు, కాపలాదారు మునస్వామి పక్కనుండగా తాళం తీశాను. గోడలు చెమ్మకు నల్లబడి ఉన్నాయి. కట్టు విప్పాను. కొమ్మలు గలగలమన్నాయి. బూజు చుక్క లేదు. వాటి మధ్య పొడి పేపర్లు, తమిళానివి. నేను పెట్టిన తెలుగు పేపర్లు బల్ల కింద తడి మడతలుగా పేర్చి ఉన్నాయి. ప్రతి కొమ్మకూ ఒక ఆకు తిరగేసి ఉంది. సగం ఎండిన ఆకును తిప్పితే పుటుక్కున విరుగుతుంది. ఒక్కటీ విరగలేదు.

మునస్వామి గడప అవతలికి దూకాడు. "అబ్బా, ఆయమ్మే! నిమ్మకాయ కొయ్యల్ల!"

"యాడికబ్బా పరిగెత్తేది? ఈడ నిలబడి సూడు. రేపు నాకు సాక్షివి నువ్వే," అన్నాను.

లలితక్క ఎప్పుడో దాచిన పాత పేపర్ల కట్ట అయివుంటుందని నాకు నేనే వాదించుకున్నాను. తమిళం చదవగలిగిన సెల్వికి ఆ పేపర్లు చూపించాను. మా గేటు ఎదుట టీ కొట్టు ఆమెది. చదివి నా మొహంలోకి చూసింది.

"పాతవి కాదన్నా. అంతా ఈ తుపాను వార్తలే. నగరి బస్సులు నిలిసిపోయినాయని రాసినారు సూడు."

బస్సులే నడవని రోజుల పేపర్లు తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చాయి?

మొక్క అదేనని మేడమ్ తేల్చారు. క్వారీ ఆగింది. ఈ కథ చెబితే కేంద్రం నవ్వులపాలవుతుందని పెద్దలు కొందరు నా నోరు మూయించాలని చూశారు. మూయను. గదికి నిమ్మకాయలు కడతామని ఇంకొందరు వచ్చారు. కట్టనివ్వలేదు. కారణం ఉండే ఉంటుంది, నాకు దొరకలేదు, అంతే. ఆ పేపర్లు దాచి ఉంచాను. తెలిసినవాళ్లు వచ్చి చెప్పండి.

నా మాట కొట్టిపారేయని వసుంధర మేడమ్‌కు, వణుకుతూనే నిలబడి సాక్ష్యం చెప్పిన మునస్వామికి, చదివిపెట్టిన సెల్వికి కృతజ్ఞతలు. నగరి లలితక్కకు కూడా. ఆకు తిప్పడం నేర్పినందుకు. అంతకు మించి దేనికని నన్నడగొద్దు.