కొట్టెయ్యని ఆఖరి లైను

మా పెద్దమ్మ కోర్టులో టైపిస్టు. సాక్షులు చెప్పింది షార్ట్‌హ్యాండులో రాసుకుని, మిషను మీద కొట్టి, జడ్జీ గారి సంతకానికి పెట్టడం ముప్ఫై ఆరేళ్ళపాటు ఆవిడ పని. వకీళ్ళు ‘మిషనమ్మ’ అని పేరు పెట్టారు. రిటైరై పద్నాలుగేళ్ళయినా ఆ పేరూ పోలేదు, ఆ పొగరూ పోలేదు. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, “నువ్వు చూశావా, ఎవరో చెబితే విన్నావా?” అని అడ్డం పడుతుంది. పక్కింటి గొడవైనా, ఇంట్లో గ్లాసు పగిలినా అదే ప్రశ్న. చుట్టాలకి ఆవిడంటే హడల్. నాకు మాత్రం ఆవిడంటే ప్రాణం, ఎందుకంటే నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. మా ఊరి చరిత్ర పుస్తకంగా వేస్తున్నాం. అందులో ‘ప్రెస్సు హత్య’ అధ్యాయం నేను రాశాను. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆరు గంటలప్పుడు ప్రింటింగ్ ప్రెస్సు యజమానిని ఎవరో ఇనుప కడ్డీతో తల మీద కొట్టి చంపారు. అంతకు రెండు రోజుల ముందే ఆయన తన దగ్గర అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ని నలుగురిలో చెంప మీద కొట్టాడు. ఇంకేముంది, పోలీసులు కంపోజిటర్ని పట్టుకెళ్ళారు. సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసగలేదని కోర్టు వదిలేసింది. ఊరు మాత్రం వదల్లేదు. ఆయన వీధిలో నడిస్తే ఇప్పటికీ వెనక నుంచి గుసగుసలే.

కోర్టు కాగితాల నకళ్ళు తెప్పించి నెల రోజులు చదివాను. ముఖ్యమైన సాక్షులు ముగ్గురు. సోడా కొట్టావిడ ఎవరో పరుగెత్తడం చూసింది, మొహం చూడలేదు. బస్సు కండక్టరు ఆ సమయానికి కంపోజిటర్ తన బస్సులో పది మైళ్ళ అవతల ఉన్నాడన్నాడు. సైకిల్ షాపాయన మాత్రం ప్రెస్సు వెనక తలుపులోంచి వచ్చింది ఈ ముద్దాయేనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. కండక్టరూ కంపోజిటరూ ఒకే వీధివాళ్ళు. స్నేహితుణ్ణి కాపాడి ఉంటాడనుకున్నాను. ‘నేరం రుజువు కాకపోయినా వేళ్ళన్నీ కంపోజిటర్నే చూపిస్తున్నాయి’ అని రాసి పారేశాను.

పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్ళాలి. గురువారం మధ్యాహ్నం కంపోజిటర్ కూతురు గ్రంథాలయానికి వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. నా బట్టలన్నీ ఆవిడ చేతివే. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చేసింది.

“తీసెయ్యమని అడగడానికి రాలేదమ్మా,” అంది. “నువ్వు కాగితాలన్నీ చదివావట కదా. నిజంగా మా నాన్నే చేశాడా? చేసుంటే అచ్చెయ్యి. కానీ ముందు నాకు చెప్పు. మూడో ఏట నుంచీ వింటున్నాను. ఆయన్ని అడగడానికి నాకు నోరు రాదు.”

“చేశాడక్కా,” అని అనలేకపోయాను. నెల రోజులు చదివిన ధైర్యమంతా ఎటుపోయిందో! నకళ్ళు సంచిలో వేసుకుని తిన్నగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆ కేసు కాగితాలు టైపు కొట్టింది ఆవిడే.

పెద్దమ్మ ముందు గదిలో బల్ల మీద మూడు వాంగ్మూలాలూ పరిచింది. నా అధ్యాయం చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

“కండక్టరు స్నేహితుడని నీకెవరు చెప్పారు?”

“ఒకే వీధి కదా.”

“ఒకే వీధిలో ఉంటే స్నేహితులైపోతారా? ఎదురింటావిడతో నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదూ?”

లేచి వెళ్ళి మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగింది. నిండా షార్ట్‌హ్యాండు పుస్తకాలు. రాసిన కాగితం పారెయ్యడం ఆవిడ వల్ల కాదు. వెతికి వెతికి ఒక పుస్తకం తీసి, ఆ వంకర గీతల మీద వేలు నడుపుతూ చదివింది.

“విను. ‘ఆ దరిద్రుడు నా బస్సెక్కి, తడి గొడుగుతో నా కడుపులో పొడిచి, పైగా నామీదే అరిచాడు. వాడి మొహం చచ్చినా మర్చిపోను.’ ఇంకా ఉంది, నీకు చదివి వినిపించేవి కావు. జడ్జీ గారు తిట్లు తీసెయ్యమన్నారు, తీసేశాను. స్నేహితుడి కోసం అబద్ధమాడేవాడు ఇన్ని తిట్లు తిడతాడటే?”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. “అంటే సైకిల్ షాపాయనే అబద్ధమాడాడన్నమాట,” అన్నాను.

“చూద్దాం,” అని పెద్దమ్మ ఆ కాగితం దగ్గరికి లాక్కుంది. లాక్కున్న మనిషి అలాగే ఉండిపోయింది. నవ్వు ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు.

“ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకుందో ఆలోచించావా?”

వాంగ్మూలం కాగితం సగంలో అయిపోయింది. జానెడు ఖాళీ తరవాత, అడుగున ఒంటరిగా ఒకే లైను: ‘నేను చూసిన మనిషి ఈ గదిలో ఉన్న ముద్దాయే.’ నెల రోజులుగా ఆ ఖాళీ చూస్తూనే ఉన్నాను. సంతకాల కోసం వదిలారనుకున్నాను.

పెద్దమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ కేసులో పద్దెనిమిది మంది సాక్షులు. పని తెమలదని పొద్దున్నే కాగితాలన్నిటి మీదా పైన ప్రమాణం లైనూ, అడుగున ఈ గుర్తుపట్టిన లైనూ ముందే కొట్టి పెట్టుకునేది. సాక్షి ఆ మాట అనకపోతే వరసగా ఇంటూ మార్కులు కొట్టి తీసేసేది. పెద్దమ్మ నాకు సోడా కొట్టావిడ కాగితం చూపించింది. అడుగున నల్లగా ఇంటూ మార్కుల వరస.

షార్ట్‌హ్యాండు పుస్తకంలో ఆ మనిషి గురించి సైకిల్ షాపాయన మాటలు నాలుగే. వెనక నుంచి చూశాను. పొడుగు మనిషి. నీలం చొక్కా. అంతకంటే తెలీదు.

“ఆ రోజు కరెంటు లేదు. అందరికీ ఇళ్ళకి వెళ్ళే తొందర. చదివి వినిపించకుండానే వేలిముద్ర వేయించేశారు. కొట్టెయ్యడం మరిచిపోయాను,” అంది పెద్దమ్మ. “చంపింది ఎవరో నాకు తెలీదు. కంపోజిటర్ మాత్రం కాదు. ఈయన మీద ఉన్న సాక్ష్యమల్లా నా తప్పే.”

తరవాత సైకిల్ షాపాయన కూడా కంపోజిటర్నే చూశానని చచ్చేదాకా ఊరంతా చెప్పుకు తిరిగాడు. కోర్టు కాగితంలో ఉందన్నాక ఆయనకీ చూసినట్టే అనిపించి ఉంటుంది. ఆయన్ని తిట్టుకుని ఏం లాభం? కాగితం చేతిలో పెట్టుకుని నేనూ నమ్మాను కదా.

పెద్దమ్మ పరువు గంగలో కలుస్తుందని నాకు భయం వేసింది. “అధ్యాయమే తీసేద్దాం పెద్దమ్మా. ఎవరికీ తెలీదు,” అన్నాను.

“నోరుముయ్యి,” అంది. “ఎవరికీ తెలీదు గనకే ఆయన ఇన్నేళ్ళు మోశాడు. నా పేరు పెట్టి రాయి. రేపు పొద్దున్న నువ్వు నాతో రా.”

ఆ సాయంత్రమే నా అధ్యాయం చింపేసి మళ్ళీ రాశాను.

శుక్రవారం పొద్దున్న ఇద్దరం కుట్టు షాపుకి వెళ్ళాం. కంపోజిటర్ కిటికీ దగ్గర కూర్చుని బొత్తాలు సైజుల వారీగా గళ్ళ పెట్టెలో వేస్తున్నాడు. ఎనభై ఏళ్ళొచ్చినా ఆ వేళ్ళు తడుముకోవడం లేదు. వాళ్ళు కూర్చోమన్నా పెద్దమ్మ కూర్చోలేదు. కాగితం ఆయన ముందు పెట్టి, దాచకుండా, నీళ్ళు నమలకుండా అంతా చెప్పింది. “తప్పు నాది. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు,” అంది.

ఆయన ఆ ఆఖరి లైను వేలితో తడిమి చూశాడు. “ఆ రోజు కరెంటు లేదు, గుర్తుందమ్మా,” అన్నాడు. “మీరు చాలా వేగంగా కొట్టేవారు.” తిట్టి ఉంటే పెద్దమ్మకి బాగుండేది.

కూతురు కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

“నాన్నా, నేను కూడా... నువ్వే చేశావేమోనని...”

“తెలుసమ్మా,” అన్నాడాయన, ఆవిడ తల మీద చెయ్యి వేసి. “నీ పిల్లల్ని చిన్నప్పుడు ఒక్క పూటైనా నా దగ్గర ఒంటరిగా వదిలి వెళ్ళావా?”